నీలి నేర్పిన పాఠము

ఒక దేశపు రైతు భాగ్యము ఆ దేశపు పొలములలోనే కాక, వేల మైళ్ల దూరమున నున్న యొక ప్రయోగశాలలోని గాజుకుప్పెలో గూడ నిర్ణయింపబడవచ్చునని మనవారు ఒకప్పుడు కష్టముల కోర్చి నేర్చుకొనిరి. నీలిమందు చరిత్రమే యిందుకు తార్కాణము. కడప, కర్నూలు, నెల్లూరు మండలములలో నీలిచెట్టును సాగుచేసి, తొట్లలో నానవైచి, ఆ నీటిని చిలికి, అడుగున దిగిన మడ్డిని బిళ్లలుగ కోసి అమ్ముకొనుచుండిన కుటుంబము లెన్నియో యుండెడివి. 1897వ సంవత్సరమున జర్మనీలోని లుడ్విగ్స్‌హాఫెన్ నగరమునందలి బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీవారు కృత్రిమముగ తయారుచేసిన నీలిని అంగడిలో పెట్టిరి. అటుపిమ్మట రెండు దశాబ్దములు తిరుగకమునుపే మన నీలితొట్లు చాలవరకు పాడుపడినవి. బీహారునందలి చంపారనులో తెల్లదొరలు తమ నష్టమును తాము భరింపక, నీలిసాగు నిర్బంధమునుండి విడుదల చేయుదుమను నెపమున రైతుల శిస్తులు పెంచి, ఆ భారమును వారి నెత్తిపై మోపిరి. 1917లో మహాత్ముడు చంపారనునకు వెడలుటకు హేతువైన దుఃఖములలో జర్మను ప్రయోగశాల పాలు కూడ కొంత కలదని మనము తరచుగ మరచుచుందుము.

ఆ విజయము జర్మనులకు ఒక్క దినమున లభించినది కాదు. అడాల్ఫ్ ఫాన్ బేయరను రసాయనాచార్యుడు విశ్వవిద్యాలయములలో చిరకాలము కృషిచేసి, నీలియొక్క అణునిర్మాణమును 1883 నాటికి తేల్చెను. ఆ జ్ఞానమును చౌకయైన పరిశ్రమగ మార్చుటకు కంపెనీవారు పదునేడేండ్లు శ్రమించి కోటి యెనుబది లక్షల బంగారు మార్కులు వెచ్చించిరి. అది నాటి వారి మూలధనమునకు మించిన మొత్తము. నడుమ నొకనాడు ఉష్ణమాపకము పగిలి, అందలి పాదరసము గంధకికామ్లముతో కాగుచున్న నాఫ్తలీనులో పడగా, అంతవరకు మొరాయించుచుండిన చర్య వడిగా సాగినది. పగిలిన పరికరమునకు చింతించి పాత్రను కడిగివేయక, ఏమి జరిగినదో విచారించి తెలిసికొనినవా రుండుటచేతనే ఆ ప్రమాదము పరిశ్రమకు మేలుగ పరిణమించినది.

ఈ పాతకథను నేడు తలపెట్టుటకు బలమైన కారణము కలదు. నీలియణువునందు కర్బన పరమాణువుల నడుమ ఏకబంధము, ద్విబంధము ఒకదాని పిమ్మట నొకటి వచ్చుచుండును. ఇట్టి నిర్మాణముగల వానిని రసాయనశాస్త్రజ్ఞులు సంయుగ్మ పదార్థములందురు. సామాన్యమైన ప్లాస్టికులో ఎలక్ట్రానులు తమ తమ బంధములలో చిక్కువడి యుండును. కావుననే విద్యుత్తీగలకు ప్లాస్టికు తొడుగు వేయుదుము. సంయుగ్మ పదార్థములలోనో, కొన్ని ఎలక్ట్రానులు ఏ యొక్క బంధమునకును కట్టువడక అణువు పొడుగునను వ్యాపించి యుండును. అందుచే అవి వెలుతురును గ్రహించి రంగు చూపును; తగిన సంస్కారము చేసినచో విద్యుత్తును నడపును; విద్యుత్తు నిచ్చినచో కొన్ని వెలుగును చిమ్మును; వెలుగు నిచ్చినచో కొన్ని విద్యుత్తును పుట్టించును.

నేడు మన చేతులలోని సెల్‌ఫోనులలో అనేకములకు తెరలు ఈ జాతి పదార్థములతో చేసినవే. ఆ తెరలను అధికభాగము కొరియా, చైనా దేశములు తయారుచేయుచున్నవి, మనము కొనుచున్నాము. నీలిని పోగొట్టుకొన్న మనము, నీలి జ్ఞాతివర్గమంతటి విషయమునను కొనుగోలుదారులముగనే మిగులుదుమా? ఈ ప్రశ్నకు సమాధానము మన విశ్వవిద్యాలయములలోని రసాయన ప్రయోగశాలలు నడచు తీరుపై నాధారపడి యున్నది.

ఈ విద్య పుట్టిన విధమును కొంచెము వివరింతుము. పాలిపిర్రోలు అను పదార్థము విద్యుత్తును నడపునని 1963లోనే ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి గాని లోకము చెవియొగ్గలేదు. 1967లో టోక్యో సాంకేతిక విద్యాలయమున హిడేకీ షిరకావా ప్రయోగశాలలో, కొరియానుండి వచ్చిన యొక పరిశోధకుడు అసిటిలీనుతో ప్రయోగము చేయుచు, వేయవలసిన ఉత్ప్రేరకమునకు వేయిరెట్లు వేసెను. నల్లని పొడి రావలసినచోట వెండివలె మెరయు పలుచని పొర యేర్పడెను. షిరకావా దానిని పారవేయక, ఏల వచ్చెనో పరిశీలించి, కోరినప్పుడెల్ల అట్టిపొరను చేయు విధానమును స్థిరపరచెను. 1975లో అమెరికానుండి టోక్యోకు వచ్చిన అలాన్ మాక్‌డయర్మిడ్ ఆ పొరనుగూర్చి విని, చూచి, ఆయనను ఫిలడెల్ఫియాకు ఆహ్వానించెను. అందులకు వలసిన ధనమును అమెరికా నౌకాదళ పరిశోధన కార్యాలయమువా రిచ్చిరి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రజ్ఞుడగు అలాన్ హీగర్ వారితో చేరెను. 1976 నవంబరు 23వ తేదీన ఆ పొరకు బ్రోమిను ఆవిరి తగిలించగా, దాని విద్యుద్వాహకశక్తి కొలది నిమిషములలో కోటిరెట్లు పెరిగెను. 2000 సంవత్సరమున రసాయనశాస్త్రపు నోబెలు బహుమానము ఈ మువ్వురకు లభించినది.

ఇందు గమనింపదగిన విషయములు మూడు. పొరపాటు ఎచ్చటనైనను జరుగవచ్చును. దానిని గుర్తించి, వ్రాసి, తిరిగి చేయగల క్రమశిక్షణ సిద్ధముగ నున్నచోటనే అది ఫలించును. రసాయనశాస్త్రజ్ఞుడును భౌతికశాస్త్రజ్ఞుడును తమ తమ శాఖల గోడలు దాటి యొకే బల్లకడ కూర్చుండినగాని ఈ పని సాగదు. వలసిన వేళకు అందిన ధనము, కాలము మీరి వచ్చిన పెద్దమొత్తము కంటె మేలు. 1987లో అమెరికాలో కోడక్ కంపెనీయందు చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ అనువారు పలుచని సేంద్రియపు పొరలతో మంచి వెలుగు నిచ్చు దీపమును చేసిరి. 1990లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు సంయుగ్మ పాలిమరుతో అట్టిదానినే సాధించిరి. కాని కోడక్ తన ఈ వ్యాపారమును 2009లో కొరియాకు చెందిన ఎల్.జి. సంస్థల కమ్మివేసెను. కనిపెట్టిన వానికంటె, విడువక పట్టుకొని పోషించినవానికే ఫలము దక్కునని యిందువలన తెలియుచున్నది.

ఇట్టి ప్రయోగశాలను నడపుట యెంతటి కార్యమో బయటివారికి తెలియదు. రసాయనశాల యన్న బల్లలు, సీసాలు, కుళాయిలు మాత్రమే కన్నులకు గట్టును. ఇందు వాడు కొన్ని పదార్థములకు గాలిలోని ఆమ్లజనియు, తేమయు శత్రువులు. కుప్పెను కాచి, లోని గాలిని తోడివేసి, ఆర్గాను వాయువుతో నింపి యారంభింపవలెను. ద్రావణిని సోడియముతో మరిగించి, అందు వేసిన సూచకము గాఢమైన నీలివర్ణము తాల్చినగాని తేమ పోయినదని నమ్మరాదు. వలయములను వలయములకు కూర్చుటకు పల్లాడియము వలయును. ఈ కూర్పువిద్యకే 2010లో హెక్, నెగిషి, సుజుకి అనువారికి నోబెలు బహుమానము వచ్చినది. కూర్చిన పిమ్మట శుద్ధి. ఒక్కొక్కప్పుడు సంయోజనము ఒక దినము, శుద్ధి ఒక వారము. విడిచిపెట్టిన పల్లాడియపు లేశము తుదకు తయారగు పరికరమును చెరుపగలదు. పదార్థమును పొరగ పరచు పెట్టెలో ఆమ్లజని, తేమ పదిలక్షలలో నొకపాలు కూడ మించరాదు. ఆ పొర మందము తలవెండ్రుక లావులో సుమారు వేయవ వంతు. చేసినదానిని పరీక్షించు ఎన్.ఎమ్.ఆర్. యంత్రమునకు ద్రవహీలియము కాలక్రమము తప్పక పోయవలెను. ఆ హీలియమును మన దేశము విదేశములనుండి తెప్పించుకొనుచున్నది. ఒక నెల అశ్రద్ధ చేసినచో కోట్ల విలువగల అయస్కాంతము చల్లదనము కోల్పోవును.

అపాయమును ఇందు నిత్యము వెన్నంటియే యుండును. 2008 డిసెంబరు 29వ తేదీన లాస్‌ఏంజిలీసునందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఇరువదిమూడేండ్ల యువతి, గాలి సోకినంత మాత్రమున అంటుకొను ద్రవము నొకదానిని పిచికారితో తీయుచుండగా, అది చిందినది; బట్టలంటుకొని పదునెనిమిది దినములకు ఆమె మరణించెను. ప్రయోగశాలలో ధరింపవలసిన రక్షణవస్త్రము ఆమె యొంటిపై లేదు. విశ్వవిద్యాలయ పాలకులపైనను, శాలాధిపతియైన ఆచార్యునిపైనను క్రిమినలు అభియోగములు వచ్చినవి. ఆ ద్రవము సంయుగ్మ పదార్థముల తయారీలోను వాడుకలో నున్న లిథియపు కుటుంబములోనిదే. శాలాధిపతి యగుటయన వ్యాసములపై పేరు వేసికొనుట మాత్రమే కాదు. ఎవరో కన్న బిడ్డల ప్రాణములకు పూచీపడుట. మన కళాశాలలలో ఆవిరిని బయటికిలాగు బీరువాలు పనిచేయక, నిప్పునార్పు ఇసుకబాల్చీలు సిగరెట్టు పీకలతో నిండియుండుటను చూచి యూరకుండువారు ఈ యుదంతమును చదివి తెలిసికొందురుగాక.

సత్యపాలన మరియొక భారము. 2002లో అమెరికాలో బెల్ ప్రయోగశాలల కీర్తిని మంటగలిపిన వ్యవహారము ఈ సేంద్రియ ఎలక్ట్రానికు పదార్థముల రంగములోనిదే. యాన్ హెండ్రిక్ షోన్ అను యువశాస్త్రజ్ఞుడు అద్భుతములు సాధించితినని వ్యాసముల మీద వ్యాసములు ప్రకటించెను. విచారణసంఘము ఇరువదినాలుగు ఆరోపణలను పరిశీలించి పదునారింటిలో అక్రమము రుజువైనదని తేల్చెను. ఆయన ప్రయోగపు నోటుపుస్తకములు ఉంచలేదు, మూలాంకములను చెరిపివేసెను. ఆయన చెప్పినదానిని నమ్మి తిరిగిచేయబూనిన విద్యార్థుల యేండ్లు ఎన్నిచోట్లనో వ్యర్థమైనవి. సంఖ్యకై వ్యాసములను లెక్కించి ఉద్యోగములు, పదోన్నతులు ఇచ్చు అలవాటు మన విద్యాశాఖలలో వేళ్లూనినది. వ్యాసముల బరువు తూచువారు నోటుపుస్తకమును తెరచి చూడరు. ఈ యలవాటు తొలగనిది షోనులు మనలో పుట్టరన్న నమ్మకము లేదు.

ఇట్టి కార్యమును మనము పోషించుచున్న తీరెట్టిది? 2020-21లో భారతదేశము పరిశోధనకై వెచ్చించినది జాతీయోత్పత్తిలో నూటికి 0.64 వంతు మాత్రమే. మన సెల్‌ఫోను తెరలను చేయు దక్షిణ కొరియా నూటికి నాలుగు వంతులకు మించి వెచ్చించుచున్నది. ప్రవేశపరీక్షలో నెగ్గిన పరిశోధక విద్యార్థికి 2023 జనవరినుండి నెలకు 37,000 రూపాయల వేతనము నిర్ణయింపబడినది, సంతోషమే. కాని నిర్ణయించుట వేరు, చేతికందుట వేరు. నెలలతరబడి వేతనము రాక, ఇంటికి వ్రాసి డబ్బు తెప్పించుకొను విద్యార్థుల గోడు దేశమంతట వినవచ్చుచున్నది. ప్రభుత్వ పరిశోధనశాలలు కొను శాస్త్రపరికరములపై అంతకుముందు నూటికి అయిదుగ నుండిన జి.ఎస్.టి. రాయితీ 2022 జూలైలో తొలగింపబడినది. 2024 జూలై బడ్జెటులో దిగుమతియగు ప్రయోగశాలా రసాయనములపై సుంకము నూటికి పదినుండి నూటయేబదికి పెంపబడెను. శాస్త్రజ్ఞులు గగ్గోలు పెట్టిన పిమ్మట, స్వయముగ వాడుకొనువారికి కొలది దినములలో తిరిగి తగ్గింపబడెను. తగ్గించినందుకు సంతోషింతుము, కాని ప్రయోగశాలలో వాడు రసాయనమేదో, వర్తకుడు తెచ్చు సరుకేదో తెలియక శాసనము చేయు కార్యాలయముల నేమందుము?

కొనుగోలు నిబంధనల సంగతి యింతకన్న వింతయైనది. నూటికి తొంబదితొమ్మిది శుద్ధిగల పదార్థమునకును, ఆ పైన మరి రెండు తొమ్మిదులు చేరిన పదార్థమునకును భేదము గణకునికి తెలియదు. తక్కువ ధర చెప్పినవానికే ఉత్తర్వు పోవును. తప్పు సరుకు వచ్చుటకు నాలుగు నెలలు, త్రిప్పి పంపుటకు మరి నాలుగు నెలలు; విద్యార్థి యాయుర్దాయములో ఒక యేడు గతించును. 2025 జూన్‌లో కేంద్రప్రభుత్వము తన పరిశోధన సంస్థల యధిపతులకు కొనుగోలు స్వేచ్ఛను కొంత పెంచి, ధరపట్టికలు లేక కొనదగిన మితిని లక్షనుండి రెండు లక్షలకు హెచ్చించినది. ఇది సరియైన మార్గము. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు తమ విశ్వవిద్యాలయములకును ఇట్టి స్వేచ్ఛనే ఏల యొసగరాదు?

అనుసంధాన్ జాతీయ పరిశోధన ప్రతిష్ఠానము 2023 నాటి చట్టముచే ఏర్పడినది. అయిదేండ్లలో 50,000 కోట్ల రూపాయలు పరిశోధనకు చేర్చవలెనని సంకల్పము. అందు ప్రభుత్వము వాటా 14,000 కోట్లు. మిగిలినది ప్రభుత్వేతరులనుండి రావలెనని తొలి యంచనా. సంకల్పము ఘనమైనదే. కాని మన పరిశ్రమాధిపతులు ఇంతకాలము చూపిన ఔదార్యమును బట్టి యా మిగిలిన మొత్తమును నమ్ముకొని ప్రణాళికలు వేయుట, రాబోవు వానను నమ్మి చెరువు గండి పూడ్చక యుండుట వంటిది. అంతేకాక, హైదరాబాదునందలి కేంద్రీయ విశ్వవిద్యాలయము, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ వంటివి ఎట్లో నిలద్రొక్కుకొనును. రాష్ట్ర విశ్వవిద్యాలయముల గతి యేమి? అందు ఆచార్యపదవులు ఏండ్లతరబడి ఖాళీగ నున్నవి. ఉన్నవారు పాఠములతో, పరీక్షలతో సతమతమగుచున్నారు. మన పల్లెలనుండి వచ్చు బిడ్డలలో నధికసంఖ్యాకులు చదువునది మాత్రము ఈ విద్యాలయములలోనే.

బీదదేశమునకు ఈ విలాసమేల, కావలసినప్పుడు విదేశములనుండి కొనరాదా యని కొందరు పెద్దలు ప్రశ్నింతురు. వారి వాదములో సత్యమేమియు లేదని మేము చెప్పము. సేంద్రియపదార్థముల సౌరఫలకములు ప్రయోగశాలలలో నూటికి ఇరువది వంతుల దరిదాపునకు వచ్చినను, ఎండవానలకు ఓర్చి యేండ్లకొలది నిలుచుటలో సిలికానుతో సరితూగలేదు. ఈ పరిశోధన అంతయు రూకలుగ మారునని యెవరును పూచీపడలేరు. కాని కొనుటకును జ్ఞానము వలయును. వస్తువు గుణమెరుగనివాడు అంగడిలో అడిగినంత యిచ్చి వచ్చును. ఇట్టి శాలలో అయిదేండ్లు శ్రమించిన విద్యార్థి తాను చేసిన అణువు ఫలింపకున్నను, శుద్ధియననేమో, కొలతయననేమో, రుజువననేమో నేర్చి బయటికి వచ్చును. మన ఔషధ పరిశ్రమ హైదరాబాదున వర్ధిల్లినది యిట్టి చేతులవలననే గదా! నీలికాలమున మనకు లోపించినది చెట్టు కాదు, తొట్టి కాదు, రైతుయొక్క కష్టము కాదు. ఆ చేతులు, ఆ కన్ను.

మన పాఠకులలో భూవసతి గలవా రనేకులు. వారికి కాలువ సంగతి చెప్ప పనిలేదు. కాలువ త్రవ్వించిన దొర పేరు రాతిపై నుండును. ఏటేట పూడిక తీయించినవాని పేరు ఎచ్చటను నుండదు. కాని నీరు పారునది రెండవవానివలననే. మన ప్రభుత్వములు రాళ్లు నాటుటకు సిద్ధము, పూడిక తీయుటకు వెనుదీయుదురు. యంత్రము కొనుటకు కోట్లు మంజూరగును. దానిని బాగుచేయు మెకానిక్కు జీతమునకు, హీలియమునకు, వాడిన ద్రావణులను కాలువలలో కలుపక భద్రముగ తొలగించుటకు పద్దు దొరకదు. కావున మేము కోరునది క్రొత్త భవనములు కాదు. మొదటిది, విద్యార్థివేతనము జీతములవలె నెలనెలా అందవలెను. రెండవది, ప్రతి యంత్రముతోడను దాని పోషణకు ఏటేటి పద్దును, శిక్షణపొందిన సాంకేతికుని పదవిని ఏర్పరుపవలెను. మూడవది, రక్షణ నియమములు పాటింపని శాలను మూసివేయు అధికారము గల అధికారి ప్రతి విశ్వవిద్యాలయమున నుండవలెను. నాలుగవది, ఖాళీపదవులను జాగులేక నింపవలెను.

ధనవంతులకును ఇందు కర్తవ్యము కలదు. జయపుర మహారాజు విక్రమదేవవర్మ ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్ష రూపాయలిచ్చు ఏర్పాటు గావించెను. అచ్చటి శాస్త్ర కళాశాల ఆయన పేరు వహించినది. ఒక్కసారి యిచ్చి యూరకుండక, ఏటేట ఇచ్చుటయందే ఆయన దూరదృష్టి వెల్లడియగుచున్నది. వాల్తేరునందే టి. ఆర్. శేషాద్రిగారు 1949లో ఢిల్లీకి వెడలు వరకు మన పూవులలోని, ఆకులలోని వర్ణద్రవ్యముల తత్త్వమును శోధించి శిష్యులను తీర్చిదిద్దిరి. తమిళనాట అళగప్ప చెట్టియారు మూడువందల యెకరముల భూమియు, పదునైదు లక్షల రూపాయలును ఇచ్చుటచే కారైక్కుడిలో కేంద్ర విద్యుద్రసాయన పరిశోధనశాల వెలసినది. పెండ్లిపందిళ్లకు, విగ్రహములకు కోట్లు గుమ్మరించు మన మండలములలో, ఒక ప్రయోగశాలకు ఏటేట హీలియము పోయింతునను దాత ఒక్కడైన లేకపోవుట మన తెలుగుజాతికి గౌరవము కాదు.

చివరకొక మాట. 2012లో ఆస్ట్రియా దేశమున లింజ్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు నీలితోనే ట్రాన్సిస్టరులు చేసి చూపిరి. మన తాతలు తొట్లలో చిలికిన ఆ నీలియే అర్ధవాహకమని, ఎలక్ట్రానికు పరికరములకు పనికివచ్చునని లోకమునకు తెలిసినది. ఆ గుణము నీలిలో అనాదిగా నున్నదే. చూచు కన్నులు మాత్రము మరియొకచోట సిద్ధముగ నుండెను. ఒకసారి చేతులు కాల్చుకొంటిమి. రెండవసారియు కాలిన పిమ్మట ఆకులు వెదకికొనుట వివేకము కాదు. రెండు రాష్ట్రముల మంత్రివర్గములు రాబోవు బడ్జెటులలో ఈ కొలది పద్దులకు చోటు కల్పించునని, కల్పింపనిచో శాసనసభ్యులు అడుగుదురని, అడుగని శాసనసభ్యులను మన పాఠకులు అడుగుదురని ఆశించుచున్నాము.